పేరు కొట్టించని గిన్నె

ప్రశ్న: మేడమ్‌ గారికి నమస్కారం. నాకు 63 ఏళ్లు. కాకినాడలో 18 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాను. నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాను. మా ఆవిడ పోయి ఏడాదిన్నర దాటింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ నేను కాఫీ కూడా కలిపి ఎరగను. తర్వాత మూడు నెలలు కర్రీ పాయింట్ మీద బతికాను, కడుపు పాడైంది. అప్పుడు ఫోన్లో చూసి నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు పప్పు, చారు, బంగాళాదుంప వేపుడు, ఆనపకాయ పులుసు, ఉప్మా వచ్చు. ఎంత తక్కువ వండినా మిగులుతుంది. రాత్రి తొమ్మిదింటికి కిందకెళ్లి వాచ్‌మన్‌కి ఇచ్చి వస్తాను.

సంవత్సరీకం అయ్యాక, పోయిన కార్తీకంలో, పొద్దున్న నడకకి వచ్చే ఐదుగురిని భోజనానికి పిలిచాను. నాలుగు కూరలు, రెండు పచ్చళ్లు, పులిహోర, బూరెలు పెట్టుకున్నాను. పన్నెండున్నరకి రమ్మంటే ఇద్దరు వచ్చారు, ఒకాయన రెండింటికి వచ్చారు, ఇద్దరు రానే లేదు. బూరెలు నూనెలో విచ్చిపోయాయి. పులిహోర ముద్దయింది. తింటూ తింటూ ఒకాయన ‘అమ్మగారి చేతి గుత్తివంకాయ తిన్న నోరండీ ఇది’ అన్నాడు. ఆ రాత్రి గిన్నెలు తోముకుంటూ ఏడ్చాను. మళ్లీ ఎవర్నీ పిలవలేదు.

మా అమ్మ చిన్నప్పుడు డొక్కా సీతమ్మగారి కథ చెప్పేది. నాకూ పదిమందికి పెట్టాలని ఉంది. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, ‘అంత సరదాగా ఉంటే సుబ్బయ్య హోటల్ బుట్ట భోజనం తెప్పించెయ్ నాన్నా’ అంటాడు. ఈ వయసులో నాదేమైనా పిచ్చా? ఇంకో సంగతి. ఆవిడ పోయినప్పుడు పదిహేను రోజులు నన్ను పొయ్యి వెలిగించనివ్వకుండా చుట్టుపక్కల వాళ్లు క్యారేజీలు, గిన్నెలు పంపారు. వాటిలో ఐదు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. నాలుగింటి మీద పేర్లున్నాయి, ఒకదాని మీద లేదు. ఏ మొహం పెట్టుకుని తిరిగి ఇవ్వాలో తెలియక అటక మీద పెట్టేశాను.

సమాధానం:

అన్నయ్యగారూ,

ఉత్తరం మొత్తం బూరెల గురించీ పులిహోర గురించీ రాసి, అసలు సంగతి చివర్న ‘ఇంకో సంగతి’ అని పెట్టారు. ఆ ఐదు గిన్నెల దగ్గరికి నేను తర్వాత వస్తాను. ముందు మీ బూరెల మీద కొంచెం నవ్వుకోనివ్వండి. ఉప్మా వరకు వచ్చిన మనిషి ఆ మరుసటి మెట్టు బూరెలకి ఎక్కడం ఏమిటండీ! నలభయ్యేళ్లుగా వండుతున్న నేను కూడా బయటివాళ్లు వచ్చే రోజున బూరెలు పెట్టుకోను. తోపు, అంటే పూర్ణాన్ని ముంచే పిండి, ఒక్క పిసరు పలచనైతే పూర్ణం కనపడుతుంది, కనపడిన పూర్ణం నూనెలో పడి మూకుడంతా మాడ్చేస్తుంది. పెళ్లి వంటవాళ్లు కూడా ముందు ఒకటి వేసి చూసుకుని గానీ రెండోది వెయ్యరు. మీకు జరిగింది అందరికీ జరిగేదే.

నాకు జరిగింది ఇంకా ఘోరం. పెళ్లైన కొత్తలో మావారి ఆఫీసు వాళ్లు పన్నెండు మంది భోజనానికి వస్తామన్నారు. నలుగురికి పులుసు పెట్టడం వచ్చు కదా అని అన్నీ మూడింతలు చేసేశాను. చింతపండు మూడింతలు, కారం మూడింతలు, నీళ్లు మూడింతలు. తీరా చూస్తే పులుపు పళ్లు జివ్వుమనేలా దిగింది. వచ్చినవాళ్లు మర్యాదస్తులు, మజ్జిగ పోసుకుని లేచారు. మా అత్తగారు పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రం కిలో కందిపప్పు ఉడకేసి ఆ పులుసులో కలిపి, పోపు పెట్టి, చుట్టుపక్కల నాలుగిళ్లకీ గిన్నెల్లో పంపించింది. మర్నాడు ఆ నాలుగు గిన్నెలూ తిరిగొచ్చాయి, ఒక్కటీ ఖాళీగా రాలేదు. ఒకరు జంతికలు, ఒకరు కందిపొడి, ఒకరు ఇంట్లో ఏమీ లేక గుప్పెడు పంచదార. ఆ రోజు నేను నేర్చుకున్నది పులుసు కొలత ఒక్కటే కాదు.

గుత్తివంకాయ మాటన్న ఆయన మీద మీకు కోపం వచ్చినట్టుంది. నాకైతే రాలేదు. ఆయన మీ వంటని తక్కువ చెయ్యలేదు, మీ ఆవిడని తలుచుకున్నాడు. సందర్భం తెలియకుండా తలుచుకున్నాడు, అంతే. మన మగవాళ్లకి ‘ఆవిడ లేకపోవడం నాకూ బాధగా ఉందండీ’ అనడం రాదు. వంకాయ మీద పెట్టి చెబుతారు. మీరూ అంతే. ‘నాకు ఒంటరిగా ఉంది’ అని రాయకుండా ‘ఎంత తక్కువ వండినా మిగులుతుంది’ అని రాశారు.

ఇక డొక్కా సీతమ్మగారు. మీ అమ్మగారు చెప్పిన కథ నిజమే. 1841లో మండపేటలో పుట్టి, కోనసీమలో లంకల గన్నవరం కోడలై, 1909లో పోయేవరకూ ఏటి దారిన వచ్చేపోయే వాళ్లకి వేళ అనకుండా, కులం అడగకుండా అన్నం పెట్టిన మనిషి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారు, సబబుగా ఉంది. కానీ అన్నయ్యగారూ, ఆవిడ ఇంట పెద్ద సేద్యం ఉంది, గాదెలున్నాయి, గుమ్మం ముందు నది దాటి వచ్చిన ఆకలి ఉంది. మీ ఇంటికి వచ్చేవాళ్లు ఆకలితో రారు. ఇంట్లో రెండు కూరలు వండిపెట్టి వస్తారు. ఆకలిగా వచ్చినవాడికి అన్నం పెడితే చాలు. కడుపు నిండి వచ్చినవాడికి వేరేది పెట్టాలి. మీరు ఐదుగురికి అన్నదానం చేయబోయారు, అక్కడ బెసికింది.

పెట్టడం అంటే మనకి ఒకవైపు నుంచి మాత్రమే అనిపిస్తుంది గానీ, మన ఆచారాల్లో రెండు చేతుల వ్యవహారమే ఎక్కువ. నేను తెనాలి పిల్లని, ఇప్పుడుండేది మల్కాజ్‌గిరిలో. ఇక్కడికి వచ్చిన ఏడాది సద్దుల బతుకమ్మ నాడు వరంగల్ వైపు పక్కింటివాళ్లు నన్ను లాక్కెళ్లారు. బతుకమ్మని నీళ్లలో వదిలాక ఆడవాళ్లంతా అక్కడే కూర్చుని డబ్బాలు తీశారు. పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పులిహోర, మలీద ముద్దలు. ఎవరిది వాళ్లు తినరు. ‘ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం’ అనుకుంటూ ఒకరిది ఒకరికి పంచుతారు. నేను ఖాళీ చేతులతో వెళ్లాను. తిన్నంతసేపూ ఇబ్బందిగా ఉంది. ఊరికే తినడం కన్నా గుప్పెడు పల్లీపొడి పట్టుకెళ్లినా గౌరవంగా ఉండేది.

నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో రొట్టెల పండుగ జరుగుతుంది. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఫలానా కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, ఆ కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె. తీరాక మళ్లీ వచ్చి తాము రొట్టె ఇవ్వాలి. నీళ్లలో నిలబడ్డవాళ్లలో హిందువులెందరో ముస్లిములెందరో ఎవరూ లెక్కపెట్టరు. ఆ రొట్టె రుచి గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఎండిపోయి ఉంటుంది కూడా. అయినా కళ్లకద్దుకుని తింటారు.

ఇప్పుడు అటక మీది గిన్నెల దగ్గరికి వద్దాం.

ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మీకు తెలుసు. అందుకే ఇవ్వలేకపోయారు. ఏం వేసి ఇవ్వాలో తెలియలేదు. ఏడాదిన్నర ఆలస్యమైందని సిగ్గుపడకండి, ఆడవాళ్లకి వాళ్ల గిన్నె ఎవరింట్లో ఉందో ఎప్పుడూ గుర్తుంటుంది. ఆ నలుగురికీ గుర్తుంది. అడగలేదంటే మీ మీద జాలి కాదు, మర్యాద. ఇప్పుడు మీరు చెయ్యాల్సింది విందు కాదు. నలుగురి గిన్నెలూ తీసి, చింతపండు వేసి తోమి, నాలుగింట్లోనూ పులిహోర వేసి తిరిగి ఇవ్వడం. అవును, ముద్దైన పులిహోరే. అది నేర్చుకోవడం తేలిక, తప్పు ఒక్కచోటే జరుగుతుంది.

అరకిలో బియ్యానికి 60 గ్రాముల చింతపండు, అంటే పెద్ద నిమ్మకాయలంత రెండు ఉండలు. ముందు రోజు రాత్రి వేడినీళ్లలో నానేసి, గుజ్జు తీసి, చీల్చిన పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పసుపు, ఉప్పు వేసి నూనెలో ఉడకనివ్వండి. నూనె పైకి తేలి, గరిటె జాడ రెండు క్షణాలు నిలబడాలి. ఆ పులుసు మూతపెట్టి పడుకోండి, పొద్దున్నకి దాని పొగరు తగ్గుతుంది. పొద్దున్న గ్లాసు బియ్యానికి గ్లాసున్నర, మహా అయితే పావు తక్కువ రెండు గ్లాసుల నీళ్లు. పాత బియ్యమైతే కొంచెం ఎక్కువ పడతాయి. మీ కుక్కర్‌తో, మీరు కొనే బియ్యంతో ఒకసారి వండి చూస్తే గానీ తెలియదు, ఏ వీడియో చెప్పలేదు. అన్నం దిగగానే పెద్ద పళ్లెంలో పరిచి, రెండు చెంచాల నూనె, పసుపు, పచ్చి కరివేపాకు వేసి వదిలేయండి. ఇక్కడే మీరు తొందరపడి ఉంటారు. వేడి అన్నంలో పులుసు పోసి గరిటె పెట్టి కలిపితే ముద్దవుతుంది. మెతుకు చేతికి గోరువెచ్చగా తగిలేదాకా ఆగి, చేత్తో అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపాలి. తర్వాత శనగపప్పు, మినప్పప్పు, వేరుశనగ గుళ్లు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు. మీ గోదావరి జిల్లాల వాళ్లు చివర్న నూరిన ఆవ పెడతారు. అది పెట్టారంటే ఇంక మీ చేతికి తిరుగులేదు. కలిపాక రెండు గంటలు ముట్టుకోకండి. నా మాట విని నాలుగిళ్లకీ ఒకే రోజు చెయ్యకండి. వారానికో గిన్నె. మొదటివారం బాగా రాకపోయినా నాలుగోవారానికి వస్తుంది.

గిన్నె ఇచ్చేటప్పుడు కాలింగ్ బెల్ కొట్టి చేతిలో పెట్టి వచ్చెయ్యకండి. ‘ఇందులో ఉప్పు సరిపోయిందో లేదో మీరే చెప్పాలి’ అని అడగండి. ఆ ఒక్క మాటకి ఆ ఇల్లాలు మీకు పది నిమిషాలు వంట పాఠం చెబుతుంది. ఆ పాఠంలో మీ ఆవిడ వస్తుంది. ‘వదినగారైతే ఇందులో చిన్న బెల్లం ముక్క వేసేదండీ’ అంటుంది. మీరు రాయలేదు గానీ నేను పందెం కాస్తాను, ఆవిడ గోంగూర పచ్చడి ఒకింట్లో, వంకాయల్లో కూరే పొడి ఒకింట్లో ఈపాటికి వాళ్ల వంటలైపోయి ఉంటాయి. ముప్పయ్యేళ్లు గిన్నెలు తిరిగిన చోట చేతులూ తిరుగుతాయి. ఆవిడ వంటని మీరు ఫోన్లో వెతుకుతున్నారు. అది ఆ నాలుగిళ్లలో ఉంది.

ఒక చిక్కు గురించి మీరు రాయలేదు, నేనే రాస్తాను. ఒంటరి మగవాడి ఇంటికి ఆడవాళ్లు రావడానికి మన ఊళ్లలో జంకుతారు. అరవై మూడేళ్లున్నా సరే. అది తప్పో ఒప్పో తేల్చడం ఈ ఉత్తరంలో అయ్యే పని కాదు. గిన్నెలివ్వడానికి ఆ ఇంటాయన ఉన్న వేళ చూసి వెళ్లండి. పిలిచినప్పుడు దంపతుల్ని పిలవండి, పిల్లలుంటే పిల్లలతో సహా. మొదటిసారి మీ హాల్లో కాకుండా డాబా మీద పెట్టుకోండి. డాబా అంటే అందరిదీ, అక్కడికి రావడానికి ఎవరికీ మొహమాటం ఉండదు.

నాలుగు గిన్నెలూ వెళ్లాక ఒక ఆదివారం చూసుకోండి. వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. అందులో పిలిచినదానికి అందరూ దణ్ణాల బొమ్మ పెడతారు, ఎవరూ రారు. తలుపు కొట్టి పిలవండి. ‘పన్నెండున్నరకి భోజనానికి రండి’ అని కూడా అనొద్దు. ‘పదకొండింటికి రండి, ముక్కలు తరగడానికి సాయం కావాలి’ అనండి. భోజనానికి ఆలస్యంగా వస్తారు, పనికి పిలిస్తే టైముకి వస్తారు, విచిత్రమేమోగానీ నేను చూసిన సంగతి ఇది. పైగా మీ నడక మిత్రులు కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలతో పడే పాట్లు చూస్తుంటే మీ బూరెలు ఎవరికీ గుర్తుండవు.

ఎవరెవర్ని? ఎనిమిది మంది చాలు, మీతో కలిపి. ఆ ఎనిమిదిలో వాచ్‌మన్, ఆయన భార్య ఉండాలి. ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మధ్యాహ్నం వండిన అన్నం రాత్రి తొమ్మిదింటికి ఇవ్వడం పెట్టడం కాదు, వదిలించుకోవడం. అది ప్రమాదం కూడా. ఉడికిన అన్నం గంటల తరబడి గట్టు మీద ఉంటే అందులో పెరిగే క్రిమి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. మిగులుతుందనిపిస్తే తిన్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా వేడిగా ఉన్నప్పుడే ఇవ్వండి. ఆదివారం మాత్రం ఆయన మీ పక్కన కూర్చుని తినాలి. ఒకప్పుడు మన ఊళ్లలో ఎవరి బంతి వాళ్లది. సంస్కర్తలు సహపంక్తి భోజనాలు పెట్టి వెలివేతలు పడ్డారు. ఇప్పుడు బంతులు పోయాయని అనుకుంటాం గానీ, కింద సెల్లార్‌లో ఒక బంతి, పైన ఫ్లాట్లలో ఒక బంతి నడుస్తూనే ఉన్నాయి. ఆయన పక్కన కూర్చోవడానికి ఎవరైనా ఇబ్బంది పడితే పడనివ్వండి, మీరు మాత్రం చూడనట్టుండండి. రెండోసారికి సర్దుకుంటారు, లేకపోతే రారు. ఎలాగైనా మీకు నష్టం లేదు.

వంట సంగతి. మీకు వచ్చినవే చెయ్యండి. ముద్దపప్పు, ముక్కల పులుసు, బంగాళాదుంప వేపుడు, పెరుగు. అంతే. ముద్దపప్పులో నెయ్యి వేసుకుని పక్కన పులుసు పోసుకుంటే మన జిల్లాల్లో కాదనేవాడు లేడు. మీ ఆనపకాయ పులుసులోనే గుమ్మడి, మునక్కాడ, చిలగడదుంప, బెండకాయ, ఉల్లిపాయలు చేర్చి, బెల్లం వేసి, చివర్న చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే దప్పళమైపోతుంది. ఎనిమిది మందికి కిలో కన్నా కాస్త తక్కువ బియ్యం, 300 గ్రాముల కందిపప్పు, లీటరున్నర పాలు తోడుపెట్టిన పెరుగు, కిలో బంగాళాదుంపలు. కుక్కర్‌లో పప్పు నీళ్లతో కలిపి సగానికి మించి ఉండకూడదు. నురగ పొంగి విజిల్ దారి మూసుకుంటుంది. వేపుడు రెండు వాయిలుగా చెయ్యండి. కిలో ముక్కలూ ఒకే మూకుట్లో పడేస్తే వేగవు, ఆవిరికి ఉడికి మెత్తబడతాయి. పులుసు విషయంలో నా అనుభవం గుర్తుంచుకోండి. ముక్కలు రెట్టింపైతే చింతపండు, కారం ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి రుచి చూసి పెంచుకోండి. పెంచడం మన చేతిలో ఉంది, తగ్గించడం లేదు. పొయ్యి మంట మాత్రం నలుగురికైనా పదిమందికైనా అంతే ఉంటుంది, అందుకని పెద్ద గిన్నె మరగడానికి మీరనుకున్న దానికి రెట్టింపు టైము పడుతుంది. అన్నం ఆఖర్న.

మిగతా కూరలు, పచ్చళ్లు, తీపి వచ్చేవాళ్లవి. అడగడానికి సిగ్గుపడకండి. మీ అబ్బాయి డల్లాస్‌లో శనివారం శనివారం చేసేది ఇదే, దానికి వాళ్లు పాట్‌లక్ అని పేరు పెట్టుకున్నారు. మనవాళ్లు ఎప్పుడో అన్నారు, వండుకున్నమ్మకి ఒక కూర, అడుక్కున్నమ్మకి ఆరు కూరలు అని. సామెత ఎగతాళికి పుట్టిందే గానీ మీకు పనికొస్తుంది. కార్తీక వనభోజనాలు నడిచేదీ ఇలాగే కదా, ఉసిరిచెట్టు కింద ఒకరు పులిహోర, ఒకరు పెరుగన్నం. చెట్టు దొరక్కపోతే ఉసిరి కొమ్మ ఒకటి తెచ్చి మధ్యలో పెట్టుకుంటారు. అడిగేటప్పుడు ‘ఏదో ఒకటి తెండి’ అనకండి, ముగ్గురు సేమియా పాయసం తెస్తారు. ఎవరికి ఏది బాగా వచ్చో అది పేరు పెట్టి అడగండి. గుత్తివంకాయ మాత్రం ఆ మాటన్న ఆయన్నే తెమ్మనండి. వాళ్లావిడ చేస్తుందంటే ఒప్పుకోవద్దు, ఆయనే చెయ్యాలి. ఈ ఒక్క విషయంలో నాలో కొంచెం కక్ష ఉందని ఒప్పుకుంటాను.

మాంసం, చేప గురించి: మొదటిసారికి వద్దు, అందరూ తినేది పెట్టుకోండి. తర్వాత సంగతి తర్వాత. షుగర్, బీపీ ఉన్నవాళ్లెవరో ముందే అడగండి, మీ వయసు వాళ్లలో చాలామందికి ఉంటాయి. ఉప్పు బీపీ వాళ్ల కోసం తగ్గించి, మిగతావాళ్లకి పక్కన ఆవకాయ పెడితే సరి.

వడ్డన గురించి నాకు కొన్ని పట్టింపులున్నాయి. ప్లాస్టిక్ పళ్లాలు వద్దు, విస్తళ్లు తెండి, అరిటాకులైతే మరీ మంచిది. కొస తినేవారికి ఎడమవైపు ఉండాలని మీకు చెప్పక్కర్లేదు. ‘ఏం బాగోలేదండీ, ఏదో చేశాను’ అని ఒక్కసారి కూడా అనొద్దు. ఆ మాట అన్నాక ఎదుటివాళ్లు బాగుందని అబద్ధమాడక తప్పదు, నిజంగా బాగున్నా అది అబద్ధంలాగే వినిపిస్తుంది. కొసరి కొసరి వడ్డించి విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టేవాళ్లతో కుస్తీ పట్టొద్దు. అది మర్యాద అనుకుని మనం ఎంతమంది పొట్టలు పాడుచేశామో. వడ్డిస్తూ నిలబడి అందరూ లేచాక ఒక్కరే తినే పని అసలు పెట్టుకోవద్దు. గిన్నెలన్నీ మధ్యలో పెట్టి మీరూ కూర్చోండి. ఒక్కరే తినే భోజనాలు మీకు వారంలో ఇరవై ఉన్నాయి.

గిన్నెలు తోమడం దగ్గర ఎవరైనా సాయం వస్తానంటే ‘అయ్యో వద్దండీ’ అనకండి. అక్కడే అసలు కబుర్లు జరుగుతాయి. పోయినసారి మీరు ఆ సింకు దగ్గర ఒక్కరే ఉన్నారు.

బుట్ట భోజనం మీద మీ అబ్బాయిని విసుక్కోకండి. అంత దూరం నుంచి ఆ పిల్లాడికి చేతనైంది అది. మీకు జ్వరం వచ్చిన రోజున తెప్పించుకోండి, హాయిగా తినండి. ఊరి నుంచి ఎవరైనా పదిమంది హఠాత్తుగా దిగినా తెప్పించండి. అది మంచి భోజనమే. మీకు కావలసింది భోజనం కాదు కాబట్టి దాంతో మీ పని జరగదు, అంతే తేడా.

ఇది పిచ్చా అని అడిగారు. కొంచెం పిచ్చే. నాకూ ఉంది, మా అత్తగారికి ఇంకా ఎక్కువ ఉండేది. మందు లేదు.

ఇద్దరు రాకపోవచ్చు ఈసారి కూడా. అప్పుడు వాళ్ల భాగం డబ్బాలో పెట్టి ఆ సాయంత్రమే వాళ్లింటికి పంపండి. ఏమీ అనకండి. మీ డబ్బా ఇప్పుడు వాళ్లింట్లో ఉంటుంది, వాళ్లు దానితో ఏదో ఒకటి చెయ్యాలి. మీ ఆవిడ పేరు కొట్టించిన డబ్బా అయితే ఇంకా మంచిది.

మిగిలింది పేరు లేని ఐదో గిన్నె. అది ఎవరిదని వాకబు చెయ్యకండి. ఆదివారం డాబా మీద అందులో పెరుగు పోసి మధ్యలో పెట్టండి. గరిటె ముంచుతూ ఎవరో ఒకావిడ ఆగి, అంచు తడిమి, ‘ఇది మా సొట్టగిన్నె కదూ’ అంటుంది. ఎవరూ అనకపోతే గిన్నె కడిగి దాచి, పై ఆదివారం మళ్లీ పెరుగు పోసి పెట్టండి.